అవ్వకు పిజ్జా తినిపిచ్చుడు ఎవరి సొత్తు? పెద్ద ఛానల్ అన్నలకు బహిరంగ లేఖ

అన్నలకు నమస్తె.

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాలల్ల పల్లె వీడియోలు తీసేటోళ్లల్ల మీరే పెద్దోళ్లు. మీ ఛానల్ పేరు ఈడ రాస్తలేను. రాస్తే ఈ లేఖ పక్కకు పెట్టి అందరు మీ కామెంట్ల కింద పడతరు. నాకు అది పనికిరాదు. ఎవరికి రాస్తున్ననో మీకు తెలుసు, మెసేజ్ అందుకున్న పోరగాండ్లకు తెలుసు.

నేను మిర్యాలగూడల పెండ్లి వీడియోలు ఎడిటింగ్ చేసేటోన్ని. లగ్గాలు లేని దినాలల్ల చిన్న ఛానళ్ల పని చేస్తా. హాలియా, దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట దిక్కు పిల్లలు రాత్రిపూట డ్రైవ్‌ల ఫుటేజీ పెడితే, తెల్లారేసరికి కట్ చేసి, సబ్‌టైటిల్ ఏసి పంపుతా. వాళ్లల్ల కొందరికి మీ దిక్కునుంచి వాట్సాప్ వచ్చింది. దాని సారం ఏందంటే, "అవ్వల రియాక్షన్" అనే ఫార్మాట్ మీది, ఆ పేరు మీద హక్కు కోసం ట్రేడ్‌మార్క్ దరఖాస్తు పెట్టిండ్రు, కాబట్టి అసుమంటి వీడియోలు తీసెయ్యాలె, లేకపోతే మీతోని ఒప్పందం చేసుకొని యూట్యూబ్ పైసలల్ల వాటా కట్టాలె. కాదంటే స్ట్రైక్, అంటే యూట్యూబ్‌కు కాపీరైట్ ఫిర్యాదు పెట్టి వీడియో తీసేయించుడు. ఇద్దరికి స్ట్రైక్ పడనే పడ్డది. ఆ రెండు వీడియోలు నేను కట్ చేసినయే. మీ ఫుటేజీ అందుల ఒక్క ఫ్రేమ్ లేదు. మీ మ్యూజిక్ లేదు, లోగో లేదు. మరి ఏం దొంగిలిచ్చినట్టు?

ఫార్మాట్ అంటున్నరు. సరే, దాన్నే చూద్దాం. ఇంటి ముంగట నులకమంచం. దాని మీద ఒక అవ్వ. కొంగుకు కాలర్ మైక్ పెడితే, "ఇది కరెంటు కొడ్తదా బిడ్డా" అని అడుగుడు. ఎదురుంగ స్టూలు, స్టూలు మీద అట్టడబ్బ. డబ్బల పిజ్జానో మోమోసో. మనుమడు కెమెరా ఎన్కకెళ్లి "తిని చెప్పు అవ్వా" అంటడు. ఆమె మొదలు వాసన చూస్తది, తర్వాత కొంచెం తుంపుతది, మొఖం ఒక తీరుగ పెడ్తది, ఒక మాట అంటది. ఆ మాట దగ్గర జూమ్. అయిపాయె. తిండి బదులు సినిమా ట్రైలర్ పెట్టుర్రి, మెట్రో రైలు ఎక్కియ్యిర్రి, మాల్‌ల కదిలే మెట్లు ఎక్కియ్యిర్రి, వరుస ఇదే.

స్ట్రైక్ పడ్డ వీడియోల ఒకదాంట్ల పెద్దవూర దిక్కు అవ్వ ఒకామె ఉన్నది. పిజ్జా ముక్క లేపితే చీజ్ తీగలెక్క సాగింది. ఆమె చెయ్యి తలకాయ మీది దాక లేపింది, అయినా తెగలే. "ఇదేంది బిడ్డా, ఒడుస్తనే లేదు, కత్తెర తే" అన్నది. తిన్నంక ధర అడిగింది. మనుమడు చెప్పిండు. నమిలేది ఆపి, "ఒక దినం కూలి నా నోట్లె పెట్టినవారా" అన్నది. జనం చూసింది ఆ మాట కోసం. షేర్ చేసింది ఆ మాటనే. దాన్ని మీరు రాయలే, మా పిల్లగాడు రాయలే. నాట్లు ఏసి, కలుపు తీసి, కూలి లెక్కలు ఏండ్ల తరబడి యాది పెట్టుకున్న మనిషి నోట్లెకెళ్లి వచ్చింది. ఈ వీడియోల ఎవరికన్న హక్కు ఉన్నదంటే ముందుగాల్ల ఆమెకు ఉండాలె. మీ మెసేజ్‌ల వాటాల లెక్క ఉన్నది గని అవ్వల వాటా అన్న ముచ్చటనే లేదు. మా పోరగాండ్లు కూడ ఒక చీర, రెండు పండ్లు ఇచ్చి చేతులు దులుపుకుంటున్నరు. వాళ్లకూ ఇది తగులుతది, తగలనియ్యిర్రి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. మీరు చేస్తున్న పని ఇదివరకే ఒకరు చేసి చూసిండ్రు. మీకంటె ఎన్నో రెట్లు పెద్దోళ్లు, అమెరికాల. బెన్నీ ఫైన్, రఫీ ఫైన్ అని అన్నదమ్ములు. 2010 అక్టోబర్‌ల "కిడ్స్ రియాక్ట్" అని మొదలు పెట్టిండ్రు. చిన్నపిల్లలను కూసుండబెట్టి ఇంటర్నెట్ల నడుస్తున్న వీడియో చూపిచ్చుడు, వాళ్ల మొఖం పట్టుకొనుడు, ప్రశ్నలు అడుగుడు. తర్వాత టీనేజర్లతోని, ముసలోళ్లతోని కూడ అదే పని. మస్తుగ నడిచింది. 2016 వచ్చేసరికి వాళ్ల ఛానల్‌కు దాదాపు 1.4 కోట్ల సబ్‌స్క్రైబర్లు.

2015 జులైల వాళ్లు "రియాక్ట్" అనే ఒక్క మాటకు అమెరికా ట్రేడ్‌మార్క్ ఆఫీసుల దరఖాస్తు పెట్టిండ్రు. 2016 జనవరి 26న "రియాక్ట్ వరల్డ్" అని వీడియో ఇడిచిండ్రు. ప్రపంచంల ఎవరైనా మా ఫార్మాట్‌ల వీడియోలు తీసుకోవచ్చు, మా పేరు, మా గ్రాఫిక్స్ వాడుకోవచ్చు, మాతోని లైసెన్స్ తీసుకోవాలె, ఆదాయంల వాటా ఇయ్యాలె అన్నది పథకం. వాళ్ల మొఖాలల్ల సంబురం చూడాలె, అందరికి మేలు చేస్తున్నం అన్నట్టే మాట్లాడిండ్రు. నా అనుమానం, వాళ్లు నిజంగనే అట్లనే అనుకున్నరు. మీరు కూడ అట్లనే అనుకుంటున్నరేమో.

చూసినోళ్లకు మాత్రం ఇంకో తీరుగ వినిపిచ్చింది. రియాక్షన్ వీడియోలు వాళ్లకంటె ముందే ఉన్నయి. 2007 నాటికే యూట్యూబ్‌ల జనం ఒకరి మొఖం ఒకరు రికార్డ్ చేసి పెడుతున్నరు. అసుమంటప్పుడు ఆ మాటనే రిజిస్టర్ చేసుకుంటే రేపు ఇంట్ల కూసోని వీడియో చూసి నవ్వినోనికి కూడ నోటీసు వస్తదా అన్న భయం పట్టుకున్నది. అన్నదమ్ములు ఇంకో వీడియో పెట్టి, రియాక్షన్ వీడియోలన్నీ మాయి అంటలేం, మా ప్రత్యేకమైన ఫార్మాట్ గురించే చెప్తున్నం అన్నరు. ఎవరు నమ్మలే. ఎందుకు నమ్మలేదో కూడ మీరు తెలుసుకోవాలె. 2014ల ఒక పెద్ద టీవీ షోల పిల్లలతోని అసుమంటి ముక్క చేయిస్తే, మా కార్యక్రమం ఎత్తుకున్నరని సోషల్ మీడియాల వాళ్లే గొడవ పెట్టుకున్నరు. ఎన్కట వాళ్లు ఏసిన క్లెయిములు, తీసేయించిన వీడియోలు జనం తవ్వి తీసిండ్రు. "ప్రత్యేకమైన ఫార్మాట్" అన్న మాటకు గీత యాడ గీస్తరో వాళ్లు చెప్పలేకపోయిండ్రు. ఎన్ని ముక్కలు కలిస్తే మీది? నులకమంచం ఉంటే మీదా? మంచం తీసి కుర్చీ ఏస్తే మాదా? ఇదే ప్రశ్న నేను మిమ్ముల అడుగుతున్న.

తర్వాత జరిగింది కండ్ల ముంగట జరిగింది. సబ్‌స్క్రైబర్ల లెక్క పడిపోతుంటే కొందరు ఆ అంకెనే లైవ్ పెట్టుకొని చూసిండ్రు. కొద్ది దినాలల్లనే లక్షల మంది పోయిండ్రు. రియాన్ మోరిసన్ అనే లాయర్ పైస తీసుకోకుండ అభ్యంతరం ఏస్తనని ముందుకొచ్చిండు. ఫిబ్రవరి 2న ఆ దరఖాస్తు అభ్యంతరాల కోసం పబ్లిష్ కావాలె. ఫిబ్రవరి 1ననే అన్నదమ్ములు దిగొచ్చి, "రియాక్ట్" మీది ట్రేడ్‌మార్కులు, దరఖాస్తులు అన్నీ ఇడిసి పెడుతున్నం, రియాక్ట్ వరల్డ్ ఆపేస్తున్నం, ఎన్కట ఏసిన కంటెంట్ ఐడీ (కాపీ వీడియోలను పట్టే యూట్యూబ్ పద్ధతి) క్లెయిములు కూడ వదిలేస్తున్నం అని రాసిండ్రు. ప్రకటనకు, వాపసుకు నడుమ వారం కూడ లేదు.

ఒక్కటి గమనించుర్రి. వెనక్కి తీసుకున్నందుకు వాళ్ల ఛానల్ మూతపడలేదు. ఆ తర్వాత కూడ ఏండ్లు నడిచింది. పోటీ ఛానళ్లు అంతకుముందు కూడ ఉండె, అప్పుడు ఇట్ల లక్షల మంది పోలే. లక్షల మంది పోయింది రియాక్ట్ అనే మాట మాది అన్న ఆ ఒక్క పనితోనే.

అదే కాలంల సోనీ కంపెనీ "లెట్స్ ప్లే" అన్న మాటకు దరఖాస్తు పెట్టింది. వీడియో గేమ్ ఆడుకుంట మాట్లాడే వీడియోలను ప్రపంచమంత ఆ పేరుతోనే పిలుస్తది. అమెరికా ఆఫీసు ఒప్పుకోలే. అంత పెద్ద కంపెనీకే కాలేదు.

అమెరికా ముచ్చట మనకెందుకు అంటరేమో. మన చట్టం ఇంకా సాఫ్‌గ ఉన్నది. ఇది నేను లాయర్ లెక్క చెప్తలేను. మెసేజ్ వచ్చినంక నల్లగొండ కోర్టుల చేసే ఒక వకీలు సాబ్ దగ్గర కూసోని అడిగి తెలుసుకున్న, చట్టం తెరిచి చదివిన.

కాపీరైట్ అనేది ఆలోచనకు రాదు. ఆలోచనను మీరు ఏ రూపంల చేసిండ్రో ఆ రూపానికి వస్తది. మీరు తీసిన ఫుటేజీ మీది, రాసిన స్క్రిప్ట్ మీది, చేయించిన మ్యూజిక్ మీది. ఎవడన్న దాన్ని కోసి పెట్టుకుంటే ఏసుర్రి స్ట్రైక్, నేనే సాక్ష్యం చెప్తా. గని "ముసలామెకు కొత్త తిండి పెట్టి మాట రాబట్టుడు" అనేది ఆలోచన. 1978ల ఆర్.జి. ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిల్మ్స్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: ఆలోచనకు, ఇతివృత్తానికి, కథావస్తువుకు కాపీరైట్ లేదు. నాటకం రాసినాయన తన ఆలోచన సినిమాల వాడుకున్నరని కోర్టుకు పోతే, పోలిక ఉన్నా చేసిన తీరు వేరని కొట్టేసిండ్రు. అప్పటిసంది మన దేశంల ఈ ముచ్చట వచ్చినప్పుడల్ల ఆ తీర్పునే తీస్తరు.

మీ తరఫున కూడ ఒక మాట ఉన్నది, దాచను. 2002ల ఢిల్లీ హైకోర్టు అనిల్ గుప్తా కేసుల ఇంకో తీరుగ చెప్పింది. టీవీల స్వయంవరం పెట్టే షో ఆలోచనను ఒకాయన నమ్మకం మీద ఛానల్‌కు చెప్పిండు. వాళ్లు ఆయనను పక్కకు పెట్టి తామే చేయబోయిండ్రు. నమ్మకం మీద చెప్పినదాన్ని అట్ల వాడుకొనుడు కుదరదని కోర్టు ఆపింది. న్యాయమే. మరి మీరు అవ్వల వీడియో ముచ్చట మా పిల్లలకు తలుపులు పెట్టి చెవుల చెప్పిండ్రా? లోకమంత చూసేటట్టు యూట్యూబ్‌ల పెట్టిండ్రు. రహస్యమే లేనిదాంట్ల నమ్మకద్రోహం ఎక్కడిది?

ఇగ ట్రేడ్‌మార్క్. దరఖాస్తు పెట్టుడు వేరు, వచ్చుడు వేరు. ఒంటరి మనిషైతే ఆన్‌లైన్ల ఒక క్లాసుకు (సరుకు, సేవల రకాన్ని క్లాసు అంటరు) 4,500 రూపాయలు కట్టి ఎవడన్న దరఖాస్తు ఏయొచ్చు, రసీదు వస్తది. ఆ రసీదు ఫోటోనే మీరు మా పిల్లలకు పంపింది. 1999 ట్రేడ్‌మార్క్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం సరుకు రకాన్నో సేవ తీరునో చెప్పే మాటలు, జనం రోజువారిగ వాడుకునే మాటలు మామూలుగ రిజిస్టర్ కావు. అవ్వలు రియాక్ట్ అయ్యే వీడియోకు "అవ్వల రియాక్షన్" అని కాకుండ ఇంకేమని పేరు పెడతరు? మా పేరు వింటేనే మేం యాదికొస్తం అని రుజువు చేసుకుంటే ఆ అడ్డం తప్పియ్యవచ్చని చట్టంల ఉన్నది, నిజమే. అట్ల వచ్చినా మీకు వచ్చేది పేరు. మంచం రాదు, అవ్వ రాదు, పిజ్జా రాదు. పేరు వచ్చినంక కూడ వీడియో ఏ రకందో చెప్పేతందుకు ఎదుటోడు ఆ మాటలు వాడితే తప్పుగాదని 30వ సెక్షన్ల ఉన్నది.

ఇంకొకటి. మీ కొత్త థంబ్‌నెయిల్స్ మీద గుండ్రని గీతల ఆర్ అక్షరం పెడుతున్నరు. అది రిజిస్ట్రేషన్ అయినోళ్లు పెట్టుకునే గుర్తు. దరఖాస్తు దశల పెట్టుడు చట్టం ప్రకారమే తప్పు. ఇయ్యాలనే తీసెయ్యిర్రి. ఇది మీ మేలు కోరి చెప్తున్న.

అసలు నాకు కోపం వచ్చింది స్ట్రైకుల కాడ. ట్రేడ్‌మార్క్ ఫిర్యాదుకు యూట్యూబ్‌ల వేరే ఫారం ఉన్నది. మీరు అది నింపలే, కాపీరైట్ ఫారం నింపిండ్రు. ఎందుకంటే అదైతే దెబ్బ జల్దీ తాకుతది. 90 దినాల లోపట మూడు స్ట్రైకులు పడితే ఛానల్ పోతది. పెద్ద వీడియోల మీద యాడ్ పైసలు మొదలు కావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిల 4,000 గంటల వాచ్‌టైం కావాలె. డిండి దిక్కు ఒక పిల్లగాడు ఆ గంటల అంచుకు వచ్చి ఉన్నడు, ఆనికి పడ్డది మీ స్ట్రైక్. వీడియో పోయింది, దాని గంటలు దాంతోనే పోయినయి. కౌంటర్ నోటిఫికేషన్, అంటే ఈ స్ట్రైక్ తప్పని యూట్యూబ్‌కు జవాబు, ఏసుకోరాదా అంటరు. ఏయాలంటే పూర పేరు, ఇంటి అడ్రసు రాయాలె, అది నేరుగ మీ చేతికొస్తది. అమెరికా కోర్టు పరిధికి ఒప్పుకుంటున్న అని కూడ రాయాలె. ఇంటర్ చదివి, పొద్దంత పత్తి మార్కెట్ల హమాలి చేసే పిల్లగాడు ఆ ముక్క చదివి ఫోన్ మూసిండు. ఏసినంక పది పనిదినాలల్ల మీరు కోర్టుకు పోయినట్టు చూపకపోతే వీడియో వాపస్ వస్తదన్న సంగతి ఆనికి ఎవరు చెప్పాలె? నేను చెప్పిన. వకీలు సాబ్ కూడ చెప్పిండు. ఇప్పుడు ఏస్తున్నడు.

2025 మే నెలల ఢిల్లీ దిక్కు ఒక వార్తా సంస్థ ఇట్లనే స్ట్రైకులు ఏసి లైసెన్స్ పేరుతోని లక్షలు అడుగుతున్నదని యూట్యూబర్లు మొత్తుకున్నది మీరు చూసే ఉంటరు. ఆడ కనీసం వాళ్ల ఫుటేజీ ముక్కలు వాడుకున్న పంచాయితి ఉన్నది. ఈడ అది కూడ లేదు. ఆధారం లేని కాపీరైట్ బెదిరింపుల మీద కోర్టుకు పోయే దారి మన కాపీరైట్ చట్టం 60వ సెక్షన్ల ఉన్నది. తప్పుడు ఫిర్యాదులు పెట్టేటోళ్ల ఛానల్ మీద చర్య తీసుకుంటమని యూట్యూబ్ నియమాలల్లనే ఉన్నది. ఆ దాక పోవద్దనే నా కోరిక.

ఇగ "ముందుగాల్ల మేమే మొదలు పెట్టినం" అన్న మాట. మీ ఇంటర్వ్యూల విన్న. అన్నా, పల్లె మనిషిని ముంగట పెట్టి కొత్త లోకాన్ని చూపించి నవ్విచ్చుడు ఎవరు మొదలు పెట్టిండ్రో మీకు తెల్వదా? మన ఊర్లకు పిట్టలదొర వచ్చేటోడు. చినిగిన ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. లేని జమీన్లు, లేని బంగ్లాల గురించి కోతలు కోసుకుంట ఇంటింటికి తిరిగేటోడు. ప్రతి ఊరికి వేరే పిట్టలదొర. కోటు ఒక్కటే, తుపాకి ఒక్కటే, కోతలే వేరు. ఈ ఊరోడు మంచిగ చేసిండు, ఆ ఊరోడు చప్పగ చేసిండు అనుకునేటోళ్లు గని, ఫలానాయన ఫార్మాట్ ఎత్తుకపోయిండని పంచాయితి పెట్టినోళ్లను నేను వినలే. మీ ఛానల్‌ల పాత వీడియోలల్ల కోతల రాజన్న పాత్ర ఉన్నది కదా, అది పిట్టలదొర కాక ఇంకెవరు? దానికి ఎవరి దగ్గర లైసెన్స్ తీసుకున్నరు?

గొల్లసుద్దులు చూడుర్రి. గొల్లోళ్లు చెప్పుకునే కళారూపం అది. తెలంగాణ సాయుధ పోరాటంల మన సుద్దాల హనుమంతు ఆ రూపాన్నే పట్టుకొని, భుజాన గొంగడి, చేతుల కట్టె అట్లనే ఉంచి, లోపల మాత్రం దొరల దౌర్జన్యం, వెట్టిచాకిరి నింపిండు. జనం రాత్రిళ్లు కూసోని విన్నరు. పాత రూపంల కొత్త సంగతి పోసినందుకే ఆయన పేరు నిలిచింది. అప్పుడే ఎవడన్న "గొల్లసుద్దుల ఫార్మాట్ మాది, వాటా కట్టు" అంటే ఏమయ్యేదో మీరే చెప్పుర్రి. పాలమూరు దిక్కు పోతే దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెర పట్టుకొని పండుగ సాయన్న కథ చెప్తడు. 2022ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. పండుగ సాయన్న కథ అంతకుముందు ఎందరి నోట్లె నడిచిందో లెక్క లేదు. ఆయన గొంతు ఆయనది. ఆ గొంతును రికార్డ్ చేసుకొని అమ్ముకుంటే తప్పు. ఇంకో పిల్లగాడు కిన్నెర నేర్సుకొని అదే కథ చెప్తే అది ఆయనకు కీర్తి.

బతుకమ్మ పేర్చుడు లెక్కనే ఇది కూడ. తంగేడు, గునుగు వరుస పెట్టే తీరు ఊరందరిది. మీరు పేర్చిన బతుకమ్మ మాత్రం మీది, దాన్ని ఎవడన్న ఎత్తుకపోతే వాని చెయ్యి పట్టుకునే హక్కు మీకున్నది.

నిజంగ చట్టంతోనే ఏమన్న కాపాడుకోవాలె అనుకుంటే మన పోచంపల్లిని చూడుర్రి. ఇక్కత్ నేతకు భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. అది ఏ ఒక్క షావుకారు పేరు మీదికి మార్చుకునేటందుకు చట్టమే ఒప్పుకోదు. ఆ ప్రాంతంల ఆ తీరుగ నేసే నేతగాళ్లందరికి చెందుతది. బయటోడు మిషిన్ల మీద అచ్చు గుద్ది పోచంపల్లి అని అమ్మితే అప్పుడు అందరు కలిసి అడ్డం పడతరు. వీడియోలకు ఆ చట్టం వర్తించదు, నాకు తెలుసు. గని ఉమ్మడి సొత్తును కాపాడుకునుడు అంటే ఎట్లుంటదో ఉమ్మడి జిల్లాలనే నమూనా ఉన్నదని చెప్తున్న.

ఇప్పుడు ఇటు దిక్కోళ్లకు కూడ రెండు మాటలు, ఎందుకంటే ఈ లేఖ వాళ్లు కూడ చదువుతరు. తమ్ముళ్లూ, అన్‌సబ్‌స్క్రైబ్ కొట్టుడు మీ ఇష్టం, మీ హక్కు. వీడియో చేసి నిలదీసుర్రి, నేనే ఎడిట్ చేసిస్త, ఫ్రీగ. గని మీల కొందరు వాళ్ల పాత వీడియోలల్ల ఉన్న అవ్వల మీద కూతలు రాస్తున్నరు. ఆ ముసలోళ్లు ఏం చేసిండ్రు? ఒకామె మనుమరాలు ఆ కామెంట్లు చదివి ఏడ్చిందట. వాళ్ల ఇంటి అడ్రసు పెట్టుడు, ఆడోళ్ల ఫోటోలు మార్ఫింగ్ చేసుడు, వంద ఫోన్లకెళ్లి దొంగ రిపోర్టులు కొట్టుడు మొదలైతే స్ట్రైక్ ఏసినోనికి మీకు తేడా ఏమున్నది? పైంగ కేసులయితయి. అప్పుడు నా దగ్గరికి రావద్దు.

అన్నలూ, నేను అడిగేది పెద్దదేం గాదు. ఆ రెండు స్ట్రైకులు వాపస్ తీసుకోవాలె, వాట్సాప్‌ల పంపిన వాటా ఒప్పందాలు రద్దని అదే గ్రూపుల రాయాలె. పేరు దరఖాస్తు మీ ఛానల్ అసలు పేరుకు, లోగోకు మార్చుకుంటరా, కొత్తగ ఏసుకుంటరా, మీ ఇష్టం. అది మీ కష్టం, దానికి ఎవరు అడ్డం రారు. "అవ్వల రియాక్షన్" మాత్రం ఇడిసిపెట్టుర్రి.

ఇడిసిపెట్టం అంటే మా దారి మాకున్నది. ట్రేడ్‌మార్క్ జర్నల్ ప్రతి సోమవారం వస్తది. మీ దరఖాస్తు అందుల అచ్చయిన దినంకెళ్లి నాలుగు నెలల గడువుల ఎవరైనా అభ్యంతరం ఏయొచ్చు. ఆన్‌లైన్ల దాని ఫీజు 2,700 రూపాయలు. మన తెలంగాణ చెన్నై ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ ఆఫీసు కిందికి వస్తది గని కాగితాలు ఇక్కడికెళ్లే ఏయొచ్చని వకీలు సాబ్ చెప్పిండు. దేవరకొండ పిల్లలు ఫీజు జమ చేసి పెట్టిండ్రు. మీకంటె ముందు తీసిన పాత అవ్వల వీడియోలు, తేదీలతో సహా, నా హార్డ్‌డిస్క్‌ల ఒక ఫోల్డర్ కింద పెట్టిన. దరఖాస్తుల మీరు ఎప్పటిసంది వాడుతున్నమని రాసిండ్రో ఆ తేదీ పక్కన పెట్టి చూపియ్యటానికి అవి చాలు.

మాట్లాడుకుందాం అంటే వస్తం. నల్లగొండ గడియారం సెంటర్ అందరికి నడుమనే ఉంటది, అటు పాలమూరోళ్లు బస్సుల రావొచ్చు. ఏ ఆదివారమో మీరే చెప్పుర్రి. రాకముందు ఒక్క పని చెయ్యిర్రి: స్ట్రైక్ ఏసినప్పుడు ఏ మెయిల్ వాడిండ్రో అదే మెయిల్‌కెళ్లి వాపసు తీసుకుంటున్నం అని యూట్యూబ్‌కు పంపాలె. డిండి పిల్లగాని వీడియో లింకు మీ గ్రూపుల మళ్ల పెట్టిన, ఎతుక్కునే పని లేకుండ.

ఇట్లు,
మిర్యాలగూడ ఎడిటర్ ఒకడు